బస్సు వదిలేసి వెళ్లిన పెద్దమనిషి

నాలుగు గదుల బస యజమానురాలు గారికి,

నమస్కారం. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మా ఆయన క్షేమమో కాదో మీరే చెప్పాలి.

పోయిన గురువారం పొద్దున్నే మీ బస ముందు నుంచి బయలుదేరిన టూరిస్టు బస్సులో నేను ఉన్నాను. మా ఆయన లేడు. ఈ సంగతి నాకు మా ఇంటి గుమ్మం ముందు తెలిసింది.

నాకు బస్సు పడదు. మాత్ర వేసుకుని డ్రైవరు వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నాను. దారిలో ఎక్కడా దిగలేదు. ఆయన నా వెనకాల ఉన్నాడనుకున్నాను. అక్కడున్నది ఎవరిదో పరుపు చుట్ట. దాని మీద ఆయన శాలువా కప్పి ఉంది. దారి పొడుగునా నేను దానితోనే మాట్లాడాను. మీ ఊరి ఎండ గురించి, గోడ మాత్రమే ఉండి లోపల కోట లేని ఆ కోట గురించి, మా వంటింటి కుళాయి గురించి. జవాబు రాలేదు. మా ఆయన దగ్గర్నుంచి జవాబు వచ్చి చాలా ఏళ్లయింది కాబట్టి నాకు అనుమానం కలగలేదు. ఒకచోట, కుళాయి మార్పించేద్దామా అని అడిగాను. అప్పుడే బస్సు గోతిలో పడి పరుపు ముందుకి వంగింది. సరే అన్నాడనుకున్నాను.

ఫోను చేద్దామంటే మీ ఊరి తీగ ఇసుకలో పూడిపోయిందట. టెలిఫోను ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరైనదాన్ని. నాకే లైను దొరకలేదంటే ఇంకెవరికీ దొరకదు. అందుకే ఉత్తరం.

మనిషి గుర్తులు రాస్తున్నాను. పొడుగూ కాదు, పొట్టీ కాదు. బూడిదరంగు స్వెట్టరు. లిఫ్టుల కంపెనీలో మెకానిక్కుగా చేసి మానేశాడు. మాట్లాడడు. ఏదైనా అడిగితే తల ఊపుతాడు. అది అవునో కాదో నేను చెప్పాలి.

వచ్చే గురువారం బస్సు ఎక్కించి పంపండి. కిటికీ పక్కన కూర్చోపెట్టొద్దు, జలుబు చేస్తుంది.

ఇట్లు,
ఆ రాత్రి మీ మూడో గదిలో కిటికీ మూసెయ్యమన్న ఆవిడ

తా.క. డ్రైవరును నిలదీశాను. తలలు లెక్కపెట్టే బయలుదేరానన్నాడు. పరుపును కూడా లెక్కపెట్టినట్టున్నాడు.

*

మూడో గది అమ్మగారికి,

నమస్కారాలు. మీ క్షేమం తెలిసి సంతోషించాను. గాలి తప్ప మాకూ ఇక్కడ చెప్పుకోదగ్గ బాధ లేదు.

ముందుగా ఒక మనవి. ఎప్పుడో వచ్చే టూరిస్టు బస్సులు వదిలేస్తే, మాకు బస్సు గురువారం ఒక్కరోజే. పొద్దున ఇటు నుంచి ఒకటి వెళ్తుంది, అటు నుంచి వచ్చేది సాయంత్రం దిగుతుంది. ఉత్తరాలు అందులోనే వస్తాయి. కాబట్టి గురువారం పంపమని రాసిన ఉత్తరం ఎప్పుడూ బస్సు వెళ్లిపోయాకే మాకు అందుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

మీవారి సంగతి. ఆ రోజు మీ బస్సు దిగిన వాళ్లందరూ దుమ్ము కొట్టుకుని ఒకే రంగులో ఉన్నారు. ఆడవాళ్లు గదుల్లో, మగవాళ్లు డాబా మీద పడుకున్నారు. ఎవరికి ఎవరు ఏమవుతారో నాకు తెలియలేదు. పొద్దున బస్సు వెళ్లిన కాసేపటికి వెనకాల ఇసుక దిబ్బ మీద నుంచి ఒకాయన దిగి వచ్చాడు. సూర్యుడు వచ్చేదాకా చూద్దామని కూర్చున్నాడట. హారను వినపడిందట గానీ ఒంటె అనుకున్నాడట. బస్సు ఏదని అడిగాడు. వెళ్లిపోయిందన్నాను. "అలాగా. అయితే టీ ఉందా?" అన్నాడు.

ఆయన తాను మీవాడినే అంటున్నాడు. కాని చెబుతున్నది ఆయనే కాబట్టి దాన్ని సాక్ష్యం కింద తీసుకోలేదు. మీరు రాసిన గుర్తులు పక్కన పెట్టుకుని చూశాను. స్వెట్టరు కలిసింది. లిఫ్టులు కలిశాయి. మాట్లాడడు అని రాశారే, అక్కడే తేడా వచ్చింది.

మా ఊళ్లో అన్నీ ఒంటి అంతస్తు ఇళ్లే. లిఫ్టు ఎవరూ చూడలేదు. ఈయన అరుగు మీద కూర్చుని అదేమిటో చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దు వాలేదాకా చెప్పాడు. మర్నాడు జనం ఇంకా వచ్చారు. ఇప్పుడు బల్లలు చాలక మంగలి షాపు కుర్చీ తెప్పించాం. మంగలి కూడా దానితో పాటే వచ్చి కూర్చుంటున్నాడు. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన పెళ్లివారి కథ నడుస్తోంది.

ఇలాంటి మనిషిని మీ ఇంటికి పంపడం నాకు భయంగా ఉంది. వేరేవాళ్ల మనిషి అయితే రేపు నాకు మాట వస్తుంది. ఇంకేదైనా గట్టి గుర్తు రాయండి. అందాకా ఆయన మూడో గదిలోనే ఉంటాడు.

ఇట్లు,
బస యజమానురాలు

తా.క. ఈయన టీలో పంచదార వేసుకుంటాడు. మీ ఆయన వేసుకుంటారా?

*

యజమానురాలు గారికి,

నమస్కారం. ఆ మనిషి మా ఆయన కాడు.

మా ఆయనకు పంచదార డాక్టరు మానిపించాడు. అంటే, డాక్టరు మానిపించబోతుంటే నేనే ముందు మానిపించాను. మా ఆయన సూర్యుణ్ని చూడడు, ఆయన లేచేసరికి సూర్యుడు వచ్చి ఉంటాడు. ఇక కథలా? మా పెళ్లైన కొత్తలో ఒకసారి ఏదో చెప్పబోయి, "మా ఆఫీసులో ఇవాళ" అన్నాడు. "లిఫ్టు ఆగిపోయిందా?" అన్నాను. అవునన్నాడు. అంతే.

ఆ అరుగు మీద కూర్చున్నది ఎవరో నాకు తెలియదు. అతని ఒంటి మీద ఉన్నది మాత్రం మా ఆయన స్వెట్టరు. మరి స్వెట్టరు లేకుండా మా ఆయన ఎక్కడున్నట్టు? పోలీసు స్టేషనుకు వెళ్లాను. ఫొటో తెమ్మన్నారు. ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ తీశాను. అన్నిట్లోనూ నేనే ఉన్నాను, తీసింది ఆయన కాబట్టి. ఒక్కదాంట్లో ఆయన నీడ పడింది. అదే ఇచ్చాను. ఇన్‌స్పెక్టరు దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, మీ ఊరి కానిస్టేబుల్‌కు కబురు పెడతానన్నాడు.

గుర్తు అడిగారు. మా ఆయన ఎడమచేతి ఉంగరం వేలి కొస లిఫ్టు తలుపులో పడి పోయింది. స్వెట్టరు ఎవరైనా వేసుకోవచ్చు. వేలు ఎవరూ వేసుకోలేరు. చూసి రాయండి.

ఇట్లు,
మీ జవాబు కోసం నిద్ర మానుకున్న ఆవిడ

తా.క. ఆ పెళ్లివారు లిఫ్టులోంచి బయటపడ్డారా? కేసు కోసమే అడుగుతున్నాను.

*

చెల్లెమ్మకు,

అమ్మగారూ అని రాస్తే దూరంగా ఉంది. ఏమీ అనుకోకు.

వేలు చూశాను. కొస లేదు. నేను చూడటమే కాదు, కానిస్టేబుల్ కూడా చూశాడు. నీ కబురు అందగానే యూనిఫారం ఇస్త్రీ చేయించుకుని విచారణకు వచ్చాడు. "ఎవరు మీరు, ఏం పని చేసేవారు?" అని మొదటి ప్రశ్న వేశాడు. నీ మొగుడు జవాబు మొదలుపెట్టాడు. కానిస్టేబుల్ టోపీ తీసి పక్కన పెట్టి కూర్చున్నాడు. రెండో ప్రశ్న ఇంకా వెయ్యలేదు. విచారణకు రోజూ వస్తున్నాడు.

కాబట్టి ఆయన నీవాడే. పంపేద్దామనుకున్న గురువారానికి ఆయన ఊళ్లో లేడు. ఉప్పు తవ్వే వాళ్లతో కలిసి ఉప్పు చెరువుకి వెళ్లాడు. చెరువంటాం గాని, వాన పడ్డ ఏడాదే అందులో నీళ్లు. మిగతా కాలం తెల్లగా, గట్టిగా, గచ్చు చేసిన నేలలా కనుచూపు మేర ఉంటుంది. నడిస్తే కాళ్ల కింద పెళపెళలాడుతుంది. మధ్యాహ్నం పూట ఎదురుగా నీళ్లు మెరుస్తాయి. ఉండవు. మాకు తెలుసు కాబట్టి మేం ఎవరం అటు వెళ్లం. ఆయన చివరిదాకా నడిచి వెళ్లి చూసి వచ్చి, "నిజంగానే లేవు" అన్నాడు. ఉప్పు మేస్త్రీకి అది బాగా నచ్చింది. అక్కణ్నుంచి ఎర్రరాళ్ల లోయకి తీసుకెళ్లాడు. అక్కడ గాలికి రాళ్లు ఈలలు వేస్తాయి. ఆయన ఒక రాయి పక్కన కూర్చుని దాని ఈల అయ్యేదాకా లేవలేదట.

నీకు ఉత్తరం రాయమన్నాను. కాగితం తీసుకుని, ఒక మాట రాసి, కొట్టేశాడు. ఏమైందన్నాను. "మొదటి మాట చూస్తే మిగతాదంతా ఆవిడకి తెలిసిపోతుందండీ. ఇంక రాసి ఏం లాభం?" అన్నాడు. కోపంగా అనలేదు. నిన్ను మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. కాగితం నాకు తిరిగి ఇచ్చేస్తూ, "ఇక్కడ నేను మొదలుపెట్టిన మాట నేనే పూర్తి చేస్తున్నాను. వింతగా ఉంది" అన్నాడు. ఇది నీకు రాయాలో వద్దో నాకు తెలియలేదు. రాసేశాను.

ఆయన గురించి బెంగ పెట్టుకోకు. ఇప్పుడు మా ఇంటి మనిషి అయిపోయాడు. మా చిన్నదానికైతే ఆయనంటే ప్రాణం. పొద్దున ఆయన గది తలుపు తీసేదాకా గుమ్మం ముందే నిలబడి ఉంటుంది. ఆయన కూర్చుంటే భుజం మీద తల ఆనిస్తుంది. పొడుగాటి కాళ్లు, ఇంతేసి కళ్లు, ఆ రెప్పలు. ఎవరినీ దగ్గరికి రానివ్వనిది ఈయన పిలిస్తే పరిగెత్తుకొస్తోంది. దానికీ ఒక తోడు దొరికిందని నాకు సంతోషంగా ఉంది.

ఇట్లు,
అక్క అనుకో

తా.క. పెళ్లివారు బయటపడ్డారట. అయితే వేరే అంతస్తులో. అక్కడ ఇంకో పెళ్లి జరుగుతోందట. భోజనాలు అక్కడే చేసేశారట.

*

యజమానురాలు గారికి,

అక్క అనుకోమన్నారు. ఉత్తరం మొదట్లో అనుకున్నాను. చివరికొచ్చేసరికి మానేశాను.

ఆయన మీ ఇంటి మనిషి ఎప్పుడయ్యాడు? ఎవరినడిగి అయ్యాడు? చిన్నదాని కాళ్లు పొడుగో పొట్టో, కళ్లు ఎంతేసి ఉన్నాయో నాకెందుకు రాశారు? పొద్దున్నే పరాయి మగవాడి గది ముందు నిలబడుతుంటే చూస్తూ ఊరుకోవడమే కాకుండా, తోడు దొరికిందని సంతోషపడుతున్నారా? దాని కన్నవాళ్లు ఏమయ్యారు? దాన్ని వెంటనే ఎక్కడికైనా పంపించేయండి. మీ వయసెంతో కూడా రాయండి.

ఇంకో సంగతి. ఆయన మాట నేను పూర్తి కానివ్వనని మీ ఊరంతా అనుకుంటున్నట్టుంది. ఎక్స్చేంజిలో మాకు ఒకటే నేర్పారు. అవతలివాళ్లు నంబరు చెప్పడం మొదలుపెట్టగానే లైను కలపాలి. ఆలస్యమైతే వెనకాల ఎంతోమంది ఎదురుచూస్తుంటారు. ఆయన మెల్లిగా మాట్లాడతాడు. తడుముకుంటుంటే చూడలేక మాట అందించేదాన్ని. సాయం అనుకున్నాను. నేను అందించిన మాటే ఆయన అనబోయిన మాటో కాదో ఎప్పుడూ అడగలేదు. ఆయన తల ఊపేవాడు.

మొన్న మీ ఉత్తరం చదివాక వంటింట్లో కూర్చుని, ఆయన చెప్పిన మాటల్లో ఆయన పూర్తి చేసినవి ఏమున్నాయా అని గుర్తు చేసుకున్నాను. "గొడుగు మరిచిపోయాను" ఒకటి దొరికింది. అప్పుడు నేను స్నానాల గదిలో ఉన్నాను.

ఇట్లు,
ఆయన భార్య

తా.క. ఆయన కుడి భుజానికి నొప్పి ఉంది. తల ఆనించేవాళ్లు ఎడమ భుజానికి ఆనిస్తే మంచిది. పంపించేసేదాకా.

*

చెల్లెమ్మకు,

ఈ ఉత్తరం నీ మొగుడి చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఇది చదివేసరికి ఆయన నీ ఎదురుగా ఉంటాడు కాబట్టి ముందు ఆయనకి మంచినీళ్లు ఇచ్చి తరవాత చదువు.

నా వయసు డెబ్బై ఒకటి. చిన్నదాని వయసు మూడు. అది ఒంటె. దాని కన్నవాళ్ల గురించి అడిగావు. తల్లి ఉప్పు బండి లాగుతోంది, తండ్రి ఎవరో మాకు తెలియదు. దాన్ని ఎక్కడికి పంపినా సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తుంది. అయినా నీ మాట తీసెయ్యలేక ఒకపూట ఉప్పు మేస్త్రీ ఇంటికి పంపాను. మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చింది.

నీ ఉత్తరం ఆయనకి చదవమని ఇచ్చాను. ఇవ్వకూడదేమో. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం అరుగు మీద జనం వచ్చి కూర్చున్నారు. ఆయన రాలేదు. కానిస్టేబుల్ వెళ్లి పిలిచినా రాలేదు. మర్నాడు పొద్దున బస్సు ఎప్పుడని అడిగాడు.

"కోపం తగ్గిందా?" అన్నాను.

"కోపం ఎప్పుడుందండీ," అన్నాడు. "నేను తడుముకునే మాట నిజమే. ఒక్కోసారి ఆవిడ అందించిన మాట నా మాట కన్నా బాగుండేది. అలవాటు పడిపోయాను. కాని ఆ ఉప్పు చెరువు ఎలా ఉంటుందో ఆవిడకి చెప్పాలి. ఇంతవరకూ ఆవిడ చూడనిది నేను చూడలేదు. ఇదే మొదటిది. ఉత్తరంలో కాదు, ఎదురుగా నిలబడి చెబుతాను. మధ్యలో అందుకుందనుకోండి, మళ్లీ మొదటి నుంచి చెబుతాను."

వెళ్తూ వెళ్తూ మా ఊరి బావి గిలకకి నూనె వేసి వెళ్తున్నాడు. చిన్నది అన్నం, అంటే గడ్డి, ముట్టలేదు.

ఇట్లు,
నీ ముసలి అక్క

తా.క. టీలో పంచదార నేను మానిపించలేకపోయాను. అది మీరిద్దరూ చూసుకోండి.

*

యజమానురాలు గారికి,

మీ జవాబు కోసం ఆగలేదు. ఈ గురువారం బస్సుకి నేనే బయలుదేరుతున్నాను. మాత్ర వేసుకుంటాను. ఉత్తరం ముందు పంపితే నాకన్నా ముందు రాదు కాబట్టి నేనే తెచ్చి మీ చేతికిస్తాను. చదివాక నన్ను లోపలికి రానివ్వండి.

నేను వస్తున్నట్టు ఆయనకి చెప్పకండి. చిన్నదానికి కూడా చెప్పకండి. దాన్ని ఒకసారి నా కళ్లతో చూడాలి.

ఇట్లు,
మీ గుమ్మం ముందు నిలబడ్డ ఆవిడ

తా.క. కేకలు వెయ్యను. దారిలో వేసేసి వస్తాను.

*

మూడో గది పెద్దమనిషికి,

ఆశీస్సులు. నువ్వు ఇంట్లో, మీ ఆవిడ ఇక్కడ క్షేమం. ఇంటి తాళం చూసి కంగారు పడి ఉంటావు. తాళంచెవి పక్కింటి కుట్టుమిషను ఆవిడ దగ్గర ఉందని చెప్పమంది.

నువ్వు వెళ్లిన సాయంత్రమే దిగింది. ఉత్తరం నా చేతికిచ్చి, నేను చదివేదాకా గుమ్మం అవతలే నిలబడింది. లోపలికి రమ్మన్నాను. నువ్వు పొద్దున్నే వెళ్లిపోయావని చెబితే అలాగే అరుగు మీద కూర్చుండిపోయింది. దారిలో మీ రెండు బస్సులూ ఎదురుపడలేదా అని అడిగాను. పడ్డాయట. గాలిదుమారంలో వాళ్ల బస్సు ఇసుకలో కూరుకుపోతే, ఎదురుగా వచ్చిన బస్సులోంచి మగవాళ్లు దిగి తోశారట. అందరూ మొహాలకి గుడ్డలు చుట్టుకుని ఉన్నారట. ఆవిడ కిటికీ సందులోంచి, "ఎడంపక్క తొయ్యండి, ఎడంపక్క" అని చెబుతూనే ఉందట. ఎవరూ వినలేదట. ఒకాయన మాత్రం మారు మాట్లాడకుండా ఎడంపక్కకి వెళ్లి తోశాడట. బస్సు కదిలిందట. "ఎవరో గాని బుద్ధిమంతుడు, అలాంటివాడు ఒక్కడుంటే చాలు అనుకున్నానండీ" అని చెప్పింది.

బూడిదరంగు స్వెట్టరా అని అడిగాను. ఆవిడ మంచినీళ్లు అడిగింది.

చిన్నదాన్ని చూపించమంది. పెరట్లోకి తీసుకెళ్లాను. ఇద్దరూ ఒకరినొకరు చాలాసేపు చూసుకున్నారు. "పొడుగాటి కాళ్లే" అంది ఆవిడ. మర్నాటి నుంచి గడ్డి ఆవిడే పెడుతోంది. తింటోంది.

బస్సు మళ్లీ గురువారం గాని లేదు. ఊరికే కూర్చోలేనని ఉప్పు బండి ఎక్కి చెరువుకి వెళ్లింది. మెరుస్తున్న నీళ్లు చూపించి, అవి ఉండవని మేస్త్రీ చెప్పాడట. సరేనని తల ఊపి, ఆ వైపే నడుచుకుంటూ వెళ్లిపోయిందట. మేస్త్రీ బండి ఆపి ఎదురుచూశాడట. తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగితే, "ఇప్పుడు చెప్పను" అందట.

నిన్న సాయంత్రం ఇంకో విశేషం జరిగింది. గొర్రెల తాత ఎడారిలోంచి వచ్చాడు. నువ్వుండగా రాలేదు, నీకు తెలియదు. నత్తి. ఒక మాట మొదలుపెడితే అది బయటికి వచ్చేసరికి టీ చల్లారిపోతుంది. అందరం ఓపిక పట్టలేక మేమే పూర్తి చేసి పంపేస్తుంటాం. నిన్న ఆవిడ ఎదురుగా నిలబడి, "దా... దా..." అని మొదలుపెట్టాడు. దాహం అంటున్నాడని మంగలి లేచి కుండ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, "ఉండండి, ఆయన్ని చెప్పనివ్వండి" అంది. పెదవులు కదులుతున్నాయి గాని మాట బయటికి రానివ్వలేదు. చీర కొంగు గుప్పిట్లో నలిగిపోయింది. ఎంతసేపటికో తాత నోట్లోంచి వచ్చింది. "దా... దారిలో మా అమ్మాయికి కొడుకు పుట్టాడు."

ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఆ తాతకి మంచినీళ్లు ఇచ్చి పంపేశామో అని మేం అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆవిడ లోపలికి వెళ్లి, తలుపు వేసుకుని ఏడ్చింది. కాసేపటికి మొహం కడుక్కుని వచ్చి అందరికీ టీ పెట్టింది. అన్నిట్లోనూ పంచదార వేసింది.

ఈ ఉత్తరం రాసేముందు, నిన్ను రమ్మని రాయనా, లేక తనే వస్తోందని రాయనా అని ఆవిడని అడిగాను. నోరు తెరిచింది. మళ్లీ మూసింది.

"రెండూ వద్దు," అంది. "ఆయన ఏమంటాడో ఆయన్నే అననివ్వండి."

కాబట్టి నేను ఏమీ రాయడం లేదు. నువ్వు చెప్పు.

ఇట్లు,
మీ ఇద్దరి అక్క

తా.క. నువ్వు గురువారం బయలుదేరితే ఆవిడ అదే రోజు ఇక్కణ్నుంచి కదలకుండా చూసే పూచీ నాది. మూడో గదికి బయట కూడా గొళ్లెం ఉంది. కానిస్టేబుల్ పగలంతా ఖాళీగానే ఉన్నాడు.